అట్ట మీది గుర్రం

మా చిన్నప్పుడు... పుత్తూరులో ఒక హోటల్లో మా నాయన దోసె మాస్టరు. ఎముకలు విరిగి, పేరున్న పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళతో ఆ హోటలు ఎప్పుడూ కిటకిటలాడేది. సాయంత్రం డ్యూటీకి ముందు ఒక్క గంట ఇంటికి వచ్చేవాడు. చాప మీద కూర్చుని, నేను వీడియో గేమ్ ఆడుతుంటే చూసేవాడు.

ఆ గేమ్ మిషను మా మేనమామది. కొత్తది కొనుక్కుని పాతది నాకిచ్చాడు, నాలుగు డిస్కులతో సహా. వాటిలో ఒకటి కష్టంగా ఉందని నేనెప్పుడూ ఆడలేదు.

నేను ఆరో తరగతిలో ఉండగా నాయన ఓనరుతో కలిసి గ్రైండరు సామాన్లకని చెన్నై వెళ్ళాడు. వచ్చేటప్పుడు నాకొక కొత్త గేమ్ తెచ్చాడు. డబ్బా అట్ట మీద తెల్ల గుర్రం, దాని మీద కత్తి పట్టుకున్న వీరుడు... నాయనకు ఇంగ్లీషు చదవడం రాదు. మా మిషను ఎలా ఉంటుందో చేతులతో చూపించి మరీ అడిగాడట. అంగడివాడు సరిపోతుందన్నాడట.

నాయన పెరట్లో స్నానం చేస్తుండగా డిస్కు పెట్టాను. తెర నల్లగానే ఉంది. తుడిచి పెట్టినా అంతే.

అప్పట్లో గేమ్ ఏ మిషనుదో డబ్బా మీద పెద్దగా వేసేవాళ్ళు కాదు. అంచున ఎక్కడో సన్నటి వెండి అక్షరాలు... సరిగ్గా వాటి మీదే ధర స్టిక్కరు అంటించి ఉంది. గోటితో లేపి చూశాను. మా మిషను తర్వాత వచ్చిన కొత్త మిషనుది ఆ గేమ్, మా దాంట్లో ఆడదు. స్టిక్కరు మళ్ళీ అదిమి అంటించేశాను.

నాయన తల తుడుచుకుంటూ వచ్చేసరికి, ఎప్పుడూ ఆడని ఆ పాత డిస్కు పెట్టేశాను. అందులోనూ ఒకడు కత్తి పట్టుకుని నడుస్తాడు.

"గుర్రం యాడ పాపా?" అన్నాడు కాసేపటికి.

"చివర్లో వస్తాది నాయనా. ఇంకా చానా దూరం పోవల్ల."

అప్పటినుంచి రోజూ ఆ గుర్రం కోసం ఎదురుచూశాడు. నేను ఓడిపోతే, రేపు వస్తుందిలే అని నన్నే ఓదార్చేవాడు. టీ చల్లారిపోయినా లేచేవాడు కాదు. ఆయన చిన్నబోకూడదని చెప్పిన అబద్ధం... మూడు నెలలు మోశాను.

ఒకరోజు, ఓనరు కొడుకు ఆడుకుంటానన్నాడని నాయన ఆ గుర్రం డబ్బా అడిగాడు. డిస్కు లోపల పెట్టి ఇచ్చేశాను. వాళ్ళింట్లో ఉన్నది కొత్త మిషను అని నాకు తెలియదు.

నాలుగో రోజు నాయన డబ్బా తెచ్చి గూట్లో పెట్టాడు. నా వైపు చూడలేదు.

"గుర్రం మొదట్లోనే వస్తాదంట పాపా. ఆ పిల్లోడు సూపించినాడు."

ఏడుస్తూ ఉన్నదంతా చెప్పాను. నాయన చొక్కా వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాయన తనంతట తాను నాకోసం ఏదీ కొనలేదు. పలకరింపులో తేడా లేదు, ప్రేమలో తేడా లేదు... కానీ పెన్నయినా, పండక్కి గౌనయినా నన్ను అంగడికి తీసుకెళ్ళి, నన్నే ఎంచుకోమని బయట నిలబడేవాడు. ఆయన పరువు కాపాడానని అనుకున్నాను. చేత్తో ఏదో పట్టుకుని వాకిట్లోంచే నన్ను పిలిచే సంతోషాన్ని ఆయనకు లేకుండా చేశానని చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

పోయిన వారం మా అబ్బాయికి గేమ్ కొందామని నాయనను కూడా తిరుపతిలో షాపుకు తీసుకెళ్ళాను. ఇప్పుడు ప్రతి డబ్బాకూ పైన వెడల్పాటి రంగు పట్టీ... ఏ మిషనుదో అంత లావు అక్షరాల్లో. చదువు రానివాళ్ళు కూడా రంగు చూసి చెప్పేయొచ్చు. మా ఇంట్లో ఉన్నది నీలం పట్టీదని చెప్పి, మనవడికి నువ్వే ఒకటి తియ్యి నాయనా అన్నాను.

నాయన ఆ వరసంతా చూశాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"నువ్వే సూడు పాపా. నాకేం తెలుస్తాది."

మీకోసం ఎవరైనా ఎంతో ఆశగా తప్పు వస్తువు తెచ్చారా... ఆ రోజు మీరేం చెప్పారు?