కిందికి దిగిన బల్ల

డెబ్బైల్లో నేను యాకుత్‌పురాలో మేడ మీదున్న ఒక సర్కారీ ఆఫీసులో గుమాస్తాను. ఒకరోజు పైనుంచి వచ్చిన అధికారి కొత్తగా ఆలోచించడం గురించి మూడు గంటలు ఉపన్యసించి, మమ్మల్నీ ఏదైనా చెప్పమన్నాడు.

"సార్, ముసలోళ్లు మెట్లెక్కలేకపోతున్నరు. అర్జీలు కిందనే తీసుకుందాం" అన్నాను.

"గట్ల ఏ రూల్‌ల ఉందమ్మా?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. తలదించుకున్నాను.

అంతలోనే ఒక ముసలామె మెట్ల మీద జారిపడింది. నుదురు చిట్లింది. ఆ మహానుభావుడు టీ కప్పు కూడా దించలేదు. ఆమెకు కట్టు కట్టాక, మా పెద్దవయసు అటెండర్ యాదగిరి నా బల్ల ఒక కొస ఎత్తాడు. "రూల్ సంగతి తర్వాత చూద్దాం బిడ్డా, ఆ కొస పట్టు."

ఆర్నెల్లకు అదే అధికారి, కింద అర్జీలు తీసుకుంటున్న ఆ బల్ల పక్కన, అంతా తన ఆలోచనేనంటూ ఫొటో దిగాడు. యాదగిరిని పక్కకు జరగమన్నాడు. కొత్తగా ఆలోచించడం నేను నేర్చుకున్నది మాత్రం ఆ ఫొటోలో లేని మనిషి దగ్గరే.