పంక్తిలో నేనొక్కడినే కుర్చీ మీద

నేను బి.ఏ. పాసయ్యాను. ముందు ఆ మాట చెప్పుకోనివ్వండి. ఎమ్మిగనూరులో మా మగ్గాల వీధికి నేనే మొదటివాణ్ణి. పేపర్లో నా నంబరు చూసిన సాయంత్రమే బస్సెక్కి ఆదోనిలోని కుస్తీ గరిడీకి పరిగెత్తాను. ఆ ఊపులో రోజూ కూర్చుని లేస్తూ తీసే నూరు బైఠకుల మీద ఇంకో రెండు నూర్లు తీశాను. "సాలప్పా, ఇడిసిపెట్టు!" అని ఉస్తాద్ అరుస్తూనే ఉన్నాడు. లేస్తుంటే కుడి మోకాలి లోపల టక్కుమంది. తెల్లారేసరికి కాలు కింద పెట్టలేకపోయాను.

డాక్టరు ఎక్స్‌రే తీయించి, సూదితో ఫ్లూయిడ్ లాగాడు. "బోన్ బాగుంది. కార్టిలేజ్ నలిగినట్టుంది. కింద కూర్చోవద్దు" అన్నాడు.

నీరు తీశాక నడవగలిగాను కాబట్టి ఇంట్లో చెప్పలేదు. చదువు కోసం గరిడీ మానేస్తానని నాయన చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టినవాణ్ణి.

ఆ ఆదివారం నాయన సంబరంగా వీధంతటినీ భోజనానికి పిలిచాడు. అందరూ నేల మీద పంక్తిగా కూర్చున్నారు. నేను కుర్చీ వేయించుకున్నాను.

"బి.ఏ. సదివితే నేల మీద కూసోకూడదేమో!" వడ్డిస్తూ మా అత్త నవ్వింది. నేనూ నవ్వి ఊరుకున్నాను.

పెద్దనాయన నవ్వలేదు. నన్ను బడిలో వేసింది ఆయనే. "మా నెత్తిమీద కూసోని తింటావేంరా? తిను" అని విస్తరి ముందు నుంచి లేచాడు.

నాయన వెంటపడ్డాడు. "అన్నా, వానికి తెలీదు..."

"అంత సదివినోనికి తెలీదా?"

మోకాలు నొప్పి అని ఒక్క మాట అంటే చాలు. అనలేదు. ఒట్టు తప్పినవాడనిపించుకోవడం కంటే పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకున్నాను. వీధి మధ్యలో నాయన బతిమాలుతుంటే అన్నం కెలుకుతూ కూర్చున్నాను. అన్నదమ్ములకు మాటలు ఆగిపోయాయి.

మూడు వారాలకు వాపు తగ్గింది. తొందరగా బాగైతే ఎవరికీ చెప్పే పని ఉండదని దొంగచాటుగా బైఠకులు మొదలుపెట్టాను. పదోదానికే మళ్లీ వాచింది. "క్వాడ్రిసెప్స్, అంటే తొడ కండరం, వీక్ అయిపోయింది. కాలు చాపి పైకెత్తు, అంతే" అని డాక్టరు మండిపడ్డాడు. తొడ కాస్త గట్టిపడ్డాక ఉస్తాద్ నా వెనక ఎత్తుపీట వేశాడు. "దీనికి తగలంగానే లెయ్. కిందికి పోతే ఈడికి రావద్దు."

చివరికి నాయనకు చెప్పాను. "నాకు గాదు, మీ పెద్దనాయనకు సెప్పు పో" అన్నాడు.

పెద్దనాయన గుంతమగ్గంలో కాళ్లు దించుకుని నేస్తున్నాడు. నిలబడే అంతా చెప్పాను. దారం లాగే నాడె ఆపాడు.

"బాగా నొస్తాందా?"

అప్పుడు ఏడుపొచ్చింది. ఆయన పక్కకు జరిగాడు. "గుంతలోకి కాళ్లు ఇడిసి కూసో. అంతగా మడిసే పన్లేదు." పెద్దమ్మ తెచ్చిన జొన్నరొట్టె ఇద్దరం ఆ గట్టు మీదే తిన్నాం. "మీ నాయన్ని పిల్సుకురా" అన్నాడు తింటూనే.

ఇప్పుడు ఆదోనిలో హైస్కూలు మాస్టర్ని. అదీ చెప్పాలి కదా! బైఠకులు పీట వరకే. నేల మీద ఇంకా కూర్చోలేను. ఎవరింటికి భోజనానికి వెళ్లినా చెప్పులు విడుస్తూనే, "మోకాలు బాగాలేదు, కుర్చీ కావాలి" అంటాను. మీరూ డాక్టరుకు చెప్పిన రోజే ఇంట్లోవాళ్లకూ చెప్పండి.