తార్నాక చెప్పులు, వైజాగ్ సముద్రం

నా పరువు రెండుసార్లు మునిగింది. మొదటిసారి వైజాగ్ సముద్రంలో, సూర్యాస్తమయం వేళ, మూడు చేపల సాక్షిగా. రెండోసారి మా క్యాంపస్‌లో, మైకు ముందు, చెట్ల కొమ్మల మీద కూడా జనం కూర్చున్న సభలో. రెండుసార్లూ ముంచింది శత్రువులు కాదు. రెండుసార్లూ నేనే, స్వహస్తాలతో ముంచుకున్నాను. ఇన్నేళ్ళు గడిచాక తలచుకుంటే నవ్వు రావాలని పెద్దలు అంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. మీరు నవ్వుకోండి, ఏమీ అనుకోను. అప్పుడు నవ్వనివాళ్ళు ఎవరని!

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నేను నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ ఎం.ఏ. చదువుతున్నాను. చదువుతున్నాను అనేది మర్యాద కోసం వాడిన మాట. పొద్దున నినాదాలు, మధ్యాహ్నం ర్యాలీ, సాయంత్రం బాష్పవాయువుకి మండిన కళ్ళు కడుక్కోవడం, ఇదీ సిలబస్సు. నాకు ఇరవై నాలుగేళ్ళు, నిద్రలో కూడా పిడికిలి బిగించే ఉండేది. ఆ కోపం న్యాయమైనదే, ఇప్పుడూ అదే అంటాను. దాన్ని మోస్తున్న మనిషే తిక్కవాడు.

మా హాస్టల్లో ఒకడు రాష్ట్రం వచ్చేదాకా గడ్డం గీయనని ఒట్టు పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి వాడికి ఎక్కడలేని గౌరవం. మెస్సులో వాడికి ముందు వడ్డించేవారు. నాకు కడుపు మండింది. నేనూ ఆ ఒట్టే పెట్టుకుందామంటే నా చెంపల మీద మొలిచేవి పట్టుమని పది వెంట్రుకలు. అందుకని ఒక రాత్రి భోజనాల దగ్గర బల్ల ఎక్కాను.

"ఇనుండ్రి! రాష్ట్రం వచ్చేదాంక ఆంధ్ర నేల మీద నేను కాలు వెట్ట! వెడితె నన్ను నర్సింహ అని పిలవొద్దు!"

చప్పట్లు మోగాయి. నా రూమ్మేట్ యాదగిరి మాత్రం అన్నం కలుపుతూ తలెత్తి చూశాడు.

"నిన్ను గాడికి రమ్మన్నదెవరురా?"

ఎవరూ రమ్మనలేదు. నాకు అటువైపు చుట్టం లేడు, పని లేదు. నా త్యాగానికి నేను పోగొట్టుకున్నది శూన్యం. కానీ ఆ మాట విద్యార్థి నాయకుల చెవిన పడింది. "డిసెంబర్‌ల పెద్ద సభ ఉన్నది. నీకు అయిదు నిమిషాలు మైకిస్తం తమ్మీ" అన్నారు. మైకు! ఆ అయిదు నిమిషాల కోసం నేను ఇంకో అయిదు ఒట్లు పెట్టుకోవడానికి కూడా సిద్ధమే.

ఆ మరుసటి వారమే నన్ను రమ్మనేవాడు రానే వచ్చాడు. వాడి పేరు సుందర్ పాల్, నా క్లాస్‌మేట్. మా క్యాంపస్ పక్కనే తార్నాకలో ఇల్లు. వాళ్ళ నాన్న గుమస్తా, అమ్మ స్కూలు టీచరు. కాకినాడ దగ్గర నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. బంద్ రోజుల్లో మా మెస్సు మూతపడితే నేను నేరుగా తార్నాక నడిచేవాడిని. ఆంటీ ఏమీ అడగకుండా కంచం పెట్టేది. "ఉద్యమం సరే నాన్నా, ముందు తిను" అనేది. ఆ ఇంటి చేపల పులుసు తిన్న చేత్తోనే నేను మళ్ళీ వెళ్ళి పిడికిలి బిగించేవాడిని.

"పరీక్షలు వాయిదా పడ్డాయి కదరా, వైజాగ్ పోదాం రా" అన్నాడు సుందర్. "మా మావయ్యకి అక్కడ పడవుంది. సాయంత్రం సముద్రంలోకి తీసుకెళ్ళి స్నార్కెలింగ్ చేయిస్తాడు. సూర్యాస్తమయం టైముకి పలక మీద నిలబెట్టి తెడ్డు వేయిస్తాడు."

"స్నార్కెలింగ్ అంటే ఏంది?"

"మొహానికి అద్దం కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ళ మీద బోర్లా పడుకుని చేపల్ని చూడ్డం."

"గదానికి పేరు గూడ వెట్టిండ్రా?"

వెక్కిరించాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటిదాకా నేను సముద్రం చూడలేదు. మా ఊరి బావిలో ఈత నేర్చుకున్నవాడికి సముద్రం అన్న మాట వింటేనే ఒళ్ళు జలదరిస్తుంది. ఒట్టు సంగతి సుందర్‌కి చెప్పడానికి నోరు రాలేదు. వాళ్ళమ్మ పెట్టిన అన్నం ఇంకా కడుపులోనే ఉంది, ఏ మొహంతో చెప్పను? అందుకని నా బుర్రకి పదును పెట్టాను. ఒట్టు ఏమిటి? కాలు పెట్టనని. మరి చెప్పు పెడితే? తార్నాక చౌరస్తాలో కొత్త హవాయి చెప్పులు కొన్నాను. నేనెక్కడ నిలబడినా నా కాళ్ళ కింద ఉండేది తార్నాక చెప్పే. ఇంత గొప్ప ఆలోచన ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టనందుకు ఆశ్చర్యపోయాను కూడా. హాస్టల్లో మాత్రం "ఊర్ల పొలం పనులున్నయ్" అని చెప్పి బయల్దేరాను.

వైజాగ్ స్టేషన్‌కి మావయ్య వచ్చాడు. ఆంటీకి తమ్ముడు. భుజాలు తలుపు చెక్కల్లా ఉంటాయి. పొద్దున చర్చి పనులు, సాయంత్రం పడవ. ఇంటికి వెళ్ళాక నేను చెప్పులతోనే స్నానం చేశాను. చెప్పులతోనే వరండాలో కూర్చుని భోంచేశాను. ఆయన కాసేపు చూసి జాలిగా అడిగాడు.

"ఏటి బాబూ, కాళ్ళల్లో ఆనెలున్నాయేటి?"

"అవును మావయ్యా" అన్నాను. ఒక ఒట్టు కాపాడుకోవడానికి నేనాడిన అబద్ధాల్లో ఇది రెండోది. అప్పటికింకా మధ్యాహ్నమే.

సాయంత్రం పడవ ఎక్కాం. కొంత దూరం వెళ్ళాక రాళ్ళ దగ్గర ఆపి, మావయ్య నా మొహానికి అద్దం కట్టాడు. నోట్లో గొట్టం పెట్టాడు. చెప్పులు విప్పి పడవలో భద్రంగా పెట్టుకున్నాను, నీళ్ళు నేల కాదు కాబట్టి.

"గొట్టం నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడకూడదు బాబూ" అన్నాడు మావయ్య.

అప్పటికి రెండేళ్ళుగా మాట్లాడుతూనే ఉన్నవాణ్ణి మాట్లాడొద్దంటే ఎలా? నీళ్ళలో పడగానే పక్కనే సుందర్ నన్ను చూసి నవ్వాడు. "ఎందుకు నవ్వుతున్నవ్ బే?" అని అడగబోయాను. ఆ ప్రశ్న బయటికి రాలేదు, సముద్రం లోపలికి వచ్చింది. దగ్గి, కక్కి, మళ్ళీ తల ముంచాను. మళ్ళీ తిట్టబోయాను, మళ్ళీ తాగాను. నాలుగోసారికి ఆంధ్ర సముద్రంలో నా వంతు తాగేసి నోరు మూశాను.

అప్పుడు కనబడ్డాయి చేపలు. మూడు. పసుపు చారలున్న చిన్న చేపలు నా ముక్కు ముందు నుంచే తాపీగా వెళ్ళాయి. నిజం చెప్పాలి, ఆ కాసేపు నాకు ఏ కోపమూ గుర్తు రాలేదు. పిడికిళ్ళు వాటంతటవే విచ్చుకున్నాయి. చాలా సంతోషంగా ఉంది.

ఆ సంతోషం పడవ ఎక్కేదాకే. సూర్యుడు సముద్రంలో మునుగుతాడని ఎదురుచూస్తుంటే, వాడు వెనకవైపు కొండల మీదకి దిగుతున్నాడు.

"ఇదేంది? నీళ్ళల్ల మునగడా?"

"ఈ యేపు పొడుస్తాడు, ఆ యేపు దిగిపోతాడు బాబూ. నీళ్ళల్లో ములగాలంటే గోవా పోవాల" అన్నాడు మావయ్య.

రాత్రంతా రైల్లో కూర్చుని వస్తే సూర్యుడు కూడా మోసం! ఆ మంట మీదే పలక ఎక్కాను. చెప్పులు వేసుకుని మరీ ఎక్కాను, ఎందుకంటే ఒడ్డు దగ్గర పడుతోంది.

"చెప్పులిప్పీ బాబూ, జారిపోద్ది!"

"ఇప్ప!"

"ఇప్పకపోతే పడతావ్!"

"పడ!"

పడ్డాను. మావయ్య హెచ్చరిక గాలిలో ఉండగానే పడ్డాను. పైకి తేలి చూసుకుంటే కాళ్ళకి చెప్పుల్లేవు. ఒకటి భీమిలి వైపు పోతోంది. ఇంకొకటి ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. నా తార్నాక మొత్తం కొట్టుకుపోయింది.

ఈదుకుంటూ ఒడ్డు దగ్గరికి వచ్చాను. నడుము లోతు నీళ్ళు. సుందర్ దిగి నడుస్తున్నాడు. నేను మాత్రం కాళ్ళు ముడుచుకుని తేలుతూ ఉండిపోయాను.

"దిగరా!"

"దిగ."

"ఏమైంది, నొప్పా?"

ఇక దాచలేక ఒట్టు సంగతి చెప్పేశాను. మెస్సు బల్ల, మైకు, తార్నాక చెప్పులు, అన్నీ చెప్పాను. సుందర్ నవ్వుతాడనుకున్నాను. వాడి మొహం ఎర్రబడింది.

"అంటే మా మావయ్య పడవ ఎక్కొచ్చు. ఆయనింట్లో తినొచ్చు. నేల మాత్రం తొక్కకూడదు. అంతేనా?"

"నేల గురించిరా, మనుషుల గురించి కాదు..."

"మనుషులు గాల్లో ఉంటార్రా?"

ఒక అల వచ్చి నోట్లో కొట్టింది, జవాబు లేకపోవడానికి ఒక కారణం దొరికింది. పడవ దిగి వచ్చిన మావయ్య ఇద్దరినీ చూశాడు. "ఒట్టంటే ఒట్టే కదేటి" అని, వంగి నన్ను బస్తాలా భుజానికెత్తుకున్నాడు. ఇసక దాటించి, జనాల మధ్య నుంచి మోసుకెళ్ళి, బండి సీటు మీద కూర్చోబెట్టాడు. నుదుటి మీద అద్దం, చెవి పక్కన వేలాడుతున్న గొట్టం, నోరు తెరిచి "దింపకు మావయ్యా!" అని నా అరుపు. వెనక కొండల మీద నారింజ రంగు ఆకాశం. సుందర్ కసిగా ఫోన్‌తో ఫొటో తీశాడు. తిరుగు రైల్లో వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

మావయ్య మాత్రం తన పాత చెప్పులు నాకిచ్చి, వైజాగ్ దుకాణం పేరున్న సంచీలో ఎండు రొయ్యలు కట్టి పంపాడు. హాస్టల్లో యాదగిరి వాటిని వేయించుకుని శుభ్రంగా తిని, మూతి తుడుచుకుంటూ అడిగాడు.

"మీ ఊరి పొలంల రొయ్యలు పండుతున్నయా?"

డిసెంబర్ వచ్చింది. సభ రోజు వచ్చింది. మైకు నా చేతికొచ్చింది. ఇక చెప్పేదేముంది, పూనకం వచ్చినట్టు ఊగిపోయాను. "ఆంధ్ర నేల మీద కాలు వెట్ట! ఆ నీళ్ళు ముట్ట! ఆ తిండి తినను!" ఒట్టులో లేనివి కూడా కలిపాను. సగం సముద్రం తాగొచ్చిన నోటితో నీళ్ళు ముట్టనన్నాను. చప్పట్లు మోగుతుంటే ముందు వరస వైపు చూశాను. అక్కడ, స్కూలు నుంచి అటే వచ్చినట్టుంది, భుజానికి సంచీతో ఆంటీ కూర్చుని ఉంది. నేను మాట్లాడతానని సుందర్ చెప్పాడట. చప్పట్లు కొట్టడానికి ఎత్తిన ఆమె చేతులు "తిండి తినను" దగ్గర ఆగిపోయాయి.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి యాదగిరి గొంతు.

"నర్సన్నా! మొన్న వైజాగ్ పోలే నువ్వు? రొయ్యలేడికెల్లి వచ్చినయ్?"

జనంలో గుసగుస మొదలైంది. నాయకులు నా వైపు తిరిగారు.

"అబద్ధం!" అని మైకులో అరిచాను. "నేను కాలు వెట్టలే!"

"మరి రొయ్యలు నడుచుకుంట వచ్చినయా?"

గుసగుస గోలయింది. అప్పుడు ఆంటీ లేచి నిలబడింది. క్లాసులో పిల్లల్ని కూర్చోబెట్టే గొంతుతో అంది.

"ఆగండి బాబూ. అబ్బాయి అబద్ధం ఆడట్లేదు. వైజాగ్ వెళ్ళాడు గానీ కాలు మాత్రం కింద పెట్టలేదు. మా తమ్ముడు ఎత్తుకుని మోశాడు. కావాలంటే చూడండి."

సంచీలోంచి ఒక చుట్ట తీసి విప్పింది. క్యాలెండర్. మావయ్య ప్రతి ఏడూ తన పడవ పేరుతో కొత్త సంవత్సరం క్యాలెండర్ వేయించి పంపిస్తాడు, ఆంటీ తార్నాకలో తెలిసినవాళ్ళందరికీ పంచుతుంది. ఆ ఏడు సుందర్ తీసిన ఫొటోనే వేయించాడు, పన్నెండు నెలల పైన నిలువెత్తున ఉన్నది నేను. అద్దం, గొట్టం, తెరిచిన నోరు, మావయ్య భుజం.

నవ్వు ముందు వరసలో పుట్టి, వెనక్కి పాకి, చెట్లెక్కింది. కొమ్మ మీద నుంచి ఒకడు జారిపడ్డాడు కూడా. గడ్డం ఒట్టువాడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాకింకా రెండు నిమిషాలు మిగిలే ఉన్నాయి. "జై తెలంగాణ" అని దిగిపోయాను. జనం జై కొట్టారు, నవ్వుతూనే.

దిగి చూసేసరికి ఆంటీ కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉంది.

మూడు రోజులు తార్నాక వైపు పోలేదు. నాలుగో రోజు బంద్. మెస్సు మూత. ఆకలి ఒకవైపు, సిగ్గు ఒకవైపు. నిజానికి ఆకలి కంటే ఆమె మధ్యలో ఆపేసిన చప్పట్లే నన్ను ఎక్కువ తినేస్తున్నాయి. వెళ్ళి గుమ్మం ముందు నిలబడ్డాను. మావయ్య చెప్పులు విప్పి పక్కన పెట్టాను.

"ఆంటీ, నేను సభల అన్నది..."

"విన్నాను." ఆమె కోపంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. "మీ రాష్ట్రం మీరు అడగండి. గట్టిగా అడగండి. నేనేమన్నా వద్దన్నానా? నువ్వు బాగా మాట్లాడాలని ప్రార్థన కూడా చేసుకుని వచ్చాను. ఆ తిండి తినను అన్నావే, మరి ఇన్నాళ్ళూ నేను పెట్టిందేంటి నాన్నా?"

తల దించుకున్నాను. క్షమాపణ అడగాల్సింది పోయి, వంగి మావయ్య చెప్పులు జతగా సర్దాను. ఆమె విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నెలు చప్పుడయ్యాయి. నేను ఒక కాలు ఎత్తి, గడప దాటాలా వద్దా తెలియక అలాగే నిలబడిపోయాను. తర్వాత కంచం పెట్టిన చప్పుడు. దాని వెనకే ఆమె గొంతు.

"అక్కడే నిలబడ్డావేం? నువ్వొస్తావా, వైజాగ్ నుంచి మా తమ్ముణ్ణి పిలిపించి మోయించమంటావా?"

వెళ్ళి కూర్చున్నాను. ఎదురుగా సుందర్, నెల రోజుల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. గ్లాసు ముందుకు తోసి, "నీళ్ళు ముడతావా?" అన్నాడు. గటగటా తాగాను. గోడ మీద క్యాలెండర్‌లో నేను నోరు తెరిచి అరుస్తున్నాను. ఆ ఏడాది పొడుగునా ఆ ఇంట్లో తిన్న ప్రతి ముద్దా నా మొహం చూసుకుంటూనే తిన్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, ఇప్పుడు మీ అందరి ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. నేను ఇక జన్మలో బల్ల ఎక్కి ఒట్టు పెట్టుకోను. తప్పనిసరిగా పెట్టుకోవాల్సి వస్తే ముందు ఆంటీని అడుగుతాను, తర్వాత మావయ్య నడుము నన్నింకా మోయగలదో లేదో కనుక్కుంటాను. ఈ ప్రమాణం చేస్తున్నప్పుడు నా రెండు కాళ్ళూ నేల మీదే ఉన్నాయి. చెప్పులు గుమ్మం బయట ఉన్నాయి.