డాబా మీది గొట్టం

డెబ్బైల మొదట్లో పెళ్లై ఒరిస్సాలోని సునాబెడ వచ్చాను. ఆయన అక్కడి ఫ్యాక్టరీలో టెక్నీషియన్.

కాపురానికొచ్చిన కొత్తలోనే ఒక సంగతి కంటపడింది. నేను తల దువ్వుకుని వంటింట్లోకి వెళ్లగానే ఆయన నా దువ్వెన తీసి, అందులో చిక్కుకున్న వెంట్రుకల్లో సన్నవి ఏరి కాగితంలో పొట్లం కడుతున్నారు. నన్ను చూసి గబుక్కున జేబులో పెట్టుకున్నారు.

ఎదురు క్వార్టర్ ఆవిడది విజయనగరం వైపు. ఆవిడతో చెబితే గొంతు తగ్గించింది.

"ఆడదాని జుట్టు మగోడికెందుకే అమ్మీ, సిల్లంగికో సేతబడికో కాకపోతే! జాగర్తగుండు."

ఆ రోజు నుంచి రాలిన వెంట్రుకలన్నీ పొయ్యిలో వేసేదాన్ని. ఆయన టీ కలిపిస్తే చాటుగా మొక్కలకు పోసేదాన్ని.

ఒక సాయంత్రం పొద్దు గూకగానే ఆయన డాబా ఎక్కారు. చప్పుడు చేయకుండా వెనకే వెళ్లాను. మూడు కాళ్ల ఇనప స్టాండు మీద కెమెరా, పక్కనే జానెడు గొట్టం. దాని మూతి నడినెత్తి ఆకాశం వైపు లేదు. కాస్త పైకి లేచి, ఎదురింటి కప్పును ఆనుకున్నట్టుంది. ఆయన ఒక కన్ను మూసి అందులోకి చూస్తున్నారు. జుట్టు నాది, చూపు ఎదురింటి మీదా?

"ఎవుల్ని సూస్తన్నారు?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. "ధ్రువనక్షత్రాన్ని. మన వైపు అది ఇంతే ఎత్తులో ఉంటాది. నువ్వే సూడు."

నమ్మకుండానే కన్ను పెట్టాను. అడ్డంగా, నిలువుగా రెండు నల్లటి గీతలు. అవి కలిసిన చోట ఒక చుక్క వణుకుతోంది.

"ఈ గీతలేటి?"

"నీ వెంట్రుకలే. దారం కడితే సుక్క దాని ఎనకాల దాగిపోతంది. ఆకాశంతో పాటు కెమెరా కూడా తిరగాల. అది తిరిగే ఇరుసు ధ్రువుడి వైపుండాల, ఈ గొట్టంతో అదే సూసుకుంటన్నాను. నేకపోతే ఫొటోలో సుక్కలన్నీ గీతలైపోతాయి."

"నన్నడగొచ్చు కదా?"

"కొత్త పెళ్లాన్ని జుట్టడిగితే ఏటనుకుంటాది?"

నవ్వొచ్చింది. అయినా మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లాక, పట్టపగలు డాబా ఎక్కి మళ్లీ గొట్టంలోకి చూశాను. ఎదురింటి కిటికీ కనపడలేదు. అప్పటిగ్గానీ మనసు కుదుటపడలేదు.

ఫొటో కోరాపుట్ స్టూడియోలో కడిగించారు. చుక్కలు ఆవగింజల్లా దిగాయి. సంబరంగా తీసుకెళ్లి ఎదురింటావిడకు జరిగిందంతా చెప్పాను. ఆవిడ చుక్కల వంక చూడనే లేదు. కింది మూలన ఆవిడ ఇంటి కప్పు పొగలా సాగిపోయి ఉంది.

"మా ఇల్లిలగైపోనాదేటి?"

"కెమెరా తిరిగింది కదక్కా. ఇల్లు తిరగదు కదా" అన్నాను.

ఆవిడ ఫొటో నా చేతిలో పెట్టేసి తలుపు వేసుకుంది. సాయంత్రానికి ఆ గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడాయి. మేం అక్కడున్నన్నాళ్లూ ఆవిడ మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు.