సున్న అయిన పెదవి

నిన్న ఉధ్నాలో పన్ను తీయించుకున్నాను. సూదిమందు వాసన తగలగానే నాకు ఏడేళ్లప్పటి మధ్యాహ్నం ఒకటి గుర్తొచ్చింది.

అప్పుడు నా కింది పెదవి మీద నీటిపొక్కు లేచింది. కోసేముందు డాక్టరు సూది వేసి, "హోంఠ్ సున్న్ హో జాయేగా" అన్నాడు. పెదవి తిమ్మిరెక్కుతుందని హిందీలో చెప్పాడాయన. నాకు తెలిసిన సున్న పలక మీదిదే. నా పెదవి ఇక ఉండదనుకున్నాను.

అమ్మ నన్ను డిండోలిలో మేముండే గదిలో దింపి, "మందు దిగేదాంక పెదవి కొరకకు బిడ్డా, చాయ్ గిట్ల తాగకు" అని చెప్పి కార్ఖానాకు పోయింది.

అద్దంలో పెదవి ఉంది. ముట్టుకుంటే మాత్రం ఎవరిదో అనిపించింది. కొరికి చూద్దామనుకుని, అమ్మ మాటకు భయపడి ఆగాను. "అమ్మ" అనాలంటే రెండు పెదవులూ కలవాలి కదా! అదే అంటూ కూర్చున్నాను. ఎన్నిసార్లన్నా కలిసినట్టు తెలియలేదు. గోడ అవతల మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. చివరికి చీమలు పాకినట్టయి, పెదవులు ఒకదానికొకటి తగిలాయి.

పెదవి వచ్చింది. అమ్మ ఇంకా రాలేదు.

నిన్న ఇంటికొచ్చాక, మందు దిగిందో లేదో చూసుకోవడానికి మళ్లీ ఆ మాటే అన్నాను. పెదవులు కలిశాయి. "ఏంది బిడ్డా" అనడానికి ఇప్పుడు అమ్మ లేదు.