అడుగంటే అంగుళం

సినిమాల్లో మేడలు కూలినా, ఊళ్లు మునిగినా ఆ పాపమంతా మా బొమ్మిళ్ల మేస్త్రిదే. అడుగు గోడను అంగుళంలో కట్టి అచ్చం నిజమనిపిస్తాడు. పంచదార పాకాన్ని పలకలుగా పోసి కిటికీ అద్దాలని నమ్మిస్తాడు. కెమెరాను వేగంగా తిప్పించి, జానెడు మంటను తెరమీద కొంపలంటుకున్నట్టు చూపిస్తాడు. ఇంట్లో మాత్రం ఒక్క మేకు కొట్టమంటే ఆవులిస్తాడు. వంటింట్లో షెల్ఫు పెట్టమని పెళ్లాం అడగ్గా అడగ్గా పిల్లల పెళ్లిళ్లు కూడా అయిపోయాయి. ఆయన "రేపు" మాత్రం ఇంకా తెల్లారలేదు.

ఓరోజు ఆయన కళ్లజోడు మరిచిపోతే ఆవిడే స్టూడియోకి పట్టుకొచ్చింది. బల్లమీద మోకాలెత్తు ఇల్లు, తగలబెట్టడానికి సిద్ధంగా ఉంది. సరదాకి కిటికీలోంచి తొంగిచూసి కొయ్యబారిపోయింది. అది తన వంటిల్లే! అదే మసిగోడ, అదే సొట్టగిన్నె. కానీ గోడకి షెల్ఫు ఉంది. దానిమీద వరసగా డబ్బాలు కూడానూ!

"ఏమండీ, కట్టుకున్నదానికి లేని షెల్ఫు కాలిపోయే కొంపకా? ఇవాళ ఇది తేలేదాకా నేను కదలను. మీ మంటా వెలగదు!"

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. డైరెక్టర్ నవ్వాపుకుంటూ కెమెరాలోంచి చూసి నెత్తి గోక్కున్నాడు. "మేస్త్రీ, ఆ గోడ అసలు ఫ్రేములోనే లేదు కదయ్యా! షెల్ఫు ఎవరికోసం చేశావు?"

మేస్త్రి నేలచూపులు చూశాడు. "నా చేతికి అంగుళాలే అలవాటు సార్. పెద్దది చేస్తే వంకరొస్తుందేమో, ఈవిడ నవ్వుతుందేమోనని... ముందు ఇక్కడ చేసి చూసుకున్నా."

ఆవిడ కోపం సగం దిగింది. దిగినట్టు కనిపిస్తే అలుసైపోదూ? అందుకని నడుంమీద చెయ్యి తియ్యలేదు.

"వంకరైతే డబ్బాలేమన్నా ఏడుస్తాయా? సరే, ఇది కాస్తా కాలిపోతే కొలతలెలా?"

"అవి నాకు తెలుసులే. పైగూట్లో డబ్బా కోసం రోజూ మునివేళ్లమీద లేస్తావుగా. అలా లేవకుండా చెయ్యి అందేంత ఎత్తు."

ఆవిడ నడుంమీంచి చెయ్యి తీసింది. కళ్లజోడు ఆయన చేతిలో పెట్టి, కాసేపు ఆ బుల్లి డబ్బాలకేసే చూసింది. అంతలోనే మళ్లీ మామూలే.

"అంటే రోజూ చూస్తూ కూర్చున్నారన్నమాట! లేచి అందిస్తే మీ సొమ్మేం పోయేది?"

అని, డైరెక్టర్ వైపు తిరిగింది.

"కానివ్వండి బాబూ, తొందరగా తగలబెట్టండి. ఇంటిదగ్గర ఈయనకి పనుంది."