అర్వైఖేర్‌లో కట్టు విప్పిన ఉదయం

మొన్న ఇక్కడ టెక్సాస్‌లోని కాపెల్‌లో కంటికి శుక్లం ఆపరేషన్ చేయించుకుని, నల్ల కళ్ళద్దాలతో కార్‌లో ఇంటికి వస్తూంటే, డ్రైవ్ చేస్తున్న మా ఆయన "ఎంతమందికి చేశావు ఈ ఆపరేషన్, నీ వంతు వచ్చేసరికి అలా వణికిపోయావేం?" అని వేళాకోళం చేశారు. నాకు మాత్రం ఆ పూటంతా మంగోలియాలోని అర్వైఖేరే మనసులో మెదిలింది.

రెండువేల ఆరో, ఏడో, సరిగ్గా గుర్తులేదు. టెక్సాస్ నుంచి కంటి డాక్టర్లం కొందరం సెలవులు పెట్టుకుని వెళ్ళాం. మా తెలుగు చర్చివాళ్ళు ఇచ్చిన స్వెటర్లతోనే ఒక సూట్‌కేస్ నిండిపోయింది. ఆ దేశ రాజధాని నుంచి రోజంతా ప్రయాణం. చాలాచోట్ల రోడ్డే లేదు, గడ్డి మీద చక్రాల జాడలు తప్ప. చెట్టన్నది కంటికి ఆనలేదు. గుంటూరులో పుట్టి, టెక్సాస్‌లో స్థిరపడి, ఆకాశం చూశాననే అనుకున్నాను గానీ, అది ఇంత ఉంటుందని అక్కడే తెలిసింది. దాని కింద ఎరుపు, నీలం రేకుల కప్పులతో చిన్న ఊరు. అదే ఆ ప్రాంతానికంతటికీ ముఖ్యపట్టణమట. ఉప్పు వేసిన పాల టీ ఇచ్చారు. మొదటి గుక్కకి మొహం చిట్లించాను గానీ, వచ్చేనాటికి అడిగి తాగాను.

ఆసుపత్రికి, గుర్రాలు మేపుకునే ఇంటి నుంచి, ఒక ముసలావిడను కోడలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఒక కన్ను ఎప్పుడో దెబ్బ తగిలి పోయింది. రెండోదానిలో శుక్లం ముదిరి రాయిలా గట్టిపడింది. ఉన్న ఒక్క కన్నూ నా చేతిలో పోతే ఎలాగని నేను జంకుతూంటే, చీకటి నాకు అలవాటే, కొత్తగా పోయేదేముంది, కానివ్వమని ఆవిడే దుబాసీగా ఉన్న టీచరమ్మ చేత చెప్పించింది. తీరా సగంలో కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేదాకా చెయ్యి కదపకుండా, ఊపిరి బిగబట్టి, మనసులోనే ప్రార్థించుకున్నాను.

మర్నాడు కట్టు విప్పాను. ఆవిడ కన్ను చికిలించి నా చామనఛాయ ముఖాన్ని వింతగా చూసి, కోడలి వైపు తిరిగింది. ఆ అమ్మాయి కాపురానికి వచ్చేనాటికే అత్తగారికి చూపు లేదు. ఆ లేత ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని ఏదో అంది. టీచరమ్మ దాన్ని నాకు తర్జుమా చేసి చెప్పింది.

"నువ్వింత చిన్నపిల్లవా? నీ చేతుల గరుకుని బట్టి పెద్దదానివనుకుని, అన్ని పనులూ చెప్పానే తల్లీ!" అందట.

తరవాత తనంతట తాను నడిచి గుమ్మం దాటి, ఆ మైదానం కేసి చూస్తూ నుంచుండిపోయింది. వెనక కోడలి చెయ్యి అలవాటుగా ఇంకా గాలిలో చాచే ఉంది. అదంతా నా చేతిమీదుగా జరిగిందంటే నేనే నమ్మలేకపోయాను.

ఈమధ్య అక్కడికి వెళ్ళొచ్చిన డాక్టరమ్మాయి ఫోటోలు చూపించింది. ఊళ్ళోకి తారురోడ్డు, కొత్త మేడలు, చాలా బాగుంది. పద్ధతులూ మారాయి, ఆపరేషన్ కాగానే ఇంటికి పంపేస్తారు, కంటి మీద పెట్టిన అడ్డు తియ్యడం కూడా ఇంట్లో వాళ్ళే చేసుకుంటారు. రోగికి అదే సుఖం, కాదనను. కానీ చూపు వచ్చినవాళ్ళు మొదట ఎవరి ముఖం వెతుక్కుంటారో, ఆ ముఖం చూసి ఏమంటారో, ఇప్పటి డాక్టర్లకు తెలిసే వీలే లేదు.